గుల్లలపాలెం దీపం

నవంబర్ 16, ఆదివారం

గుడివాడ నుంచి వస్తూ రైల్లో ఏడ్చాను. కోపంతో. ఎదుటి సీటులో ఆవిడ "ఎవరైనా పోయారా అమ్మా?" అని అడిగింది. "పోయి ఎనభై మూడేళ్ళయింది" అన్నాను. ఆవిడ సీటు మారింది.

ఎవరితోనైనా చెప్తే అరుస్తాను, అరిస్తే తప్పు నాదవుతుంది. అందుకని రాస్తున్నాను. నేను రాళ్ళు చెక్కే షాపులో సగం మిగిలిన ఆర్డర్ల పుస్తకం ఇది. ఓనరు గోవర్ధనరావు గారు పారేయమంటే నేను తెచ్చుకున్నాను.

పోయిన ఆదివారం ఎంత బాగుంది! మా ఊరు గుల్లలపాలెం వెళ్తే వీరాంజనేయులు మావయ్య అందరినీ వలలు ఆరేసే చోట కూర్చోబెట్టాడు. డిసెంబర్ పద్నాలుగుకి ఒడ్డున రాయి నిలబెడదామన్నాడు. సిపాయిలు చంపిన ముగ్గురికీ. "బయటోళ్ళెందుకు? మన మాధవి బందర్లో ఊరందరి పేర్లూ చెక్కుద్ది. మనోళ్ళ పేర్లు చెక్కదా?" అన్నాడు. ఐదేళ్ళుగా ఉలి పట్టి నేను చెక్కినవన్నీ శంకుస్థాపనలూ, ప్రారంభోత్సవాలూ, "వారి దివ్య హస్తములచే"లూ. మావాళ్ళ పేరు ఒక్కటి కూడా ఏ రాతిమీదా లేదు.

ఏం రాయాలో మా ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. యుద్ధం రోజులు. సముద్రం వైపు దీపం కనపడకూడదని ఆర్డరు. 1942 డిసెంబర్ 14న ఊరు దీపమైనా పెట్టకుండా పడుకుంది. సిపాయిలు వచ్చి నిద్రలో ఉన్నవాళ్ళ మీద కాల్చారు. గంగయ్య, పోలయ్య, అంకాలు. అంకాలు మా తాతమ్మ నాంచారమ్మకి మేనమామ. అంతే కథ.

కానీ రాయి పెట్టేది పంచాయతీ స్థలం. జరిగినట్టు ఒక కాగితం చూపించాలట. ఆ కాగితం గుడివాడలో శోభనాద్రి మాస్టారి దగ్గర ఉందన్నారు. రిటైరైన హిస్టరీ మాస్టారు. వాళ్ళ తాత అప్పట్లో మా వైపు గ్రామ మునసబు.

వెళ్ళాను. వాళ్ళావిడ ఇందిర గారు ఉప్మా పెట్టారు. మాస్టారు సిపాయిల ఆఫీసరు రాసిన రిపోర్టు తీసి, దాని జిరాక్సు నా చేతికిచ్చి, ఇంగ్లీషు చదువుతూ ఒక్కో ముక్కా తెలుగులో చెప్పారు. "సుమారు ఐదొందల మంది అల్లరి మూక. కర్రలు, రాళ్ళు. సముద్రంలోకి దీపపు సంజ్ఞలు. ఆత్మరక్షణ కోసం కాల్పులు."

"ఐదొందలా? మా ఊరు అప్పటికి అరవై గడప. కుక్కల్ని కలుపుకున్నా ఐదొందలు రారు" అన్నాను.

"నిజమే. అంకె పెంచాడు. కాల్చినవాడికి ఎదుటివాళ్ళు ఎప్పుడూ ఎక్కువగానే కనిపిస్తారు. అంకెని నమ్మొద్దు" అన్నారు.

అప్పటిదాకా మనిషి నచ్చాడు. ఆ తర్వాత ఏమన్నారంటే: "అలాగే మీ ఊరి మాట కూడా యథాతథంగా తీసుకోకూడదమ్మాయ్. ఎవరు చెప్పారు, ఎవరి కోసం చెప్పారు, ఏం చెప్పకుండా వదిలేశారు, ఈ మూడూ ఇటువైపూ అడగాలి."

"మావాళ్ళకి రాయడమే రాదు. అబద్ధాలు రాయడం ఎక్కడినుంచి వస్తుంది?" అన్నాను.

"నోటికి రాదా అబద్ధం?" అన్నారు. నవ్వుతూ.

ప్లేటు అక్కడే పెట్టేసి లేచాను. ఉప్మా సగం మిగిలింది. ఇందిర గారు జీడిపప్పు వేసి చేశారు పాపం. అదొక్కటే బాధ.

నవంబర్ 17

ఇంటర్ తప్పినదానికి హిస్టరీ ఏం తెలుసని కదా ఆయన ఉద్దేశం! జిల్లా లైబ్రరీలో నేను చదివినన్ని పుస్తకాలు ఆయన స్టూడెంట్లలో ఎంతమంది చదివారో అడగాల్సింది.

నవంబర్ 20

రాయి వచ్చింది. నల్లరాయి, ఆరంగుళాల మందం, నా భుజం ఎత్తు. నీళ్ళు పోసి కడిగితే నా మొహం కనిపించింది. "స్టిక్కరు అతికించి మిషన్‌తో అక్షరాలు కొట్టేద్దామా?" అని గోవర్ధనరావు గారు అడిగారు. ఇది మాత్రం చేత్తోనే అన్నాను. "అయితే రెండుసార్లు చదువుకుని మొదలెట్టు. కంప్యూటర్లో అయితే తుడిపేస్తావు. రాయి తప్పు మర్చిపోదు" అన్నారు. ప్రతి రాయికీ ఇదే మాట. ఈయన సమాధి మీద ఈ మాటే చెక్కుతానని చెప్పాను. అక్షరాలు పెద్దవిగా ఉండాలన్నారు.

నవంబర్ 23, ఆదివారం

ఊరు. వీరాంజనేయులు మావయ్య రాయించిన మాటలు తెచ్చుకున్నాను. మొదటి వరుస: "దీపమైనా వెలిగించక నిదురించిన ఈ పల్లెపై". మంచి వరుస. ఉలికి బాగా పడుతుంది.

సాయంత్రం అయ్యప్పన్న పడవ రాలేదు. మామూలే, ఇంజను. చీకట్లో దిక్కు తెలియాలని అందరం ఒడ్డుకి కంచాలు పట్టుకెళ్ళి మోగించాం. "ఫోనులుండగా ఈ మోత ఏంటి పెద్దమ్మా?" అని అడిగితే బుల్లెమ్మ పెద్దమ్మ, "ఫోనుకి సిగ్నలు కావాలి. కంచానికేం కావాలే? మొగుడి మీద కోపం ఉంటే చాలు" అంది. ఏడున్నరకి అన్న వచ్చాడు. బుల్లెమ్మ పెద్దమ్మ కొడుకు కాబట్టి ముందు తిట్లు, తర్వాత అన్నం.

తాతమ్మ ఎప్పటిలా ఇంట్లోనే ఉంది. తొంభై ఏళ్ళు. చెవులు బాగానే పనిచేస్తాయి. కంచాలు మోగినంతసేపూ దుప్పటి కప్పుకుంటుంది.

నవంబర్ 25

మాస్టారు ఇచ్చిన జిరాక్సు మళ్ళీ తీశాను. కింద మూలన పేజీల అంకెలున్నాయి. 1, 2, 4.

మూడు ఏది?

నవంబర్ 26

ఫోన్ చేశాను. "మూడో కాగితం ఎక్కడ మాస్టారూ?" అన్నాను. అదేమీ పట్టనట్టు అడిగారు: "అమ్మాయ్, మీ ఊళ్ళో పడవ ఆలస్యమైతే ఏం చేస్తారు?"

"కంచాలు మోగిస్తాం."

"మీ పక్క ఊళ్ళలో?"

"లాంతరు పెడతారు. వెదురుగెడకి కట్టి."

"మీ ఊళ్ళో ఎందుకు పెట్టరు?"

"మా ఊరి అలవాటు అది. ఒక్కో ఊరికి ఒక్కో అలవాటు ఉంటుంది. మీ గుడివాడలో కాగితాలు దాచే అలవాటు ఉన్నట్టు" అని పెట్టేశాను.

బాగా అన్నాను.

నవంబర్ 27

మా ఊళ్ళో ఎందుకు పెట్టరు?

నవంబర్ 28

మొదటి వరుస చెక్కడం అయిపోయింది. ఎవరేమన్నా ఇప్పుడిక మారదు. అందుకే గబగబా చెక్కానని గోవర్ధనరావు గారు అనుకుంటున్నట్టున్నారు. కాదు. పని ఉంటే చేస్తాం కదా.

నవంబర్ 30, ఆదివారం

ఈరోజు ఊరికి వెళ్ళలేదు. పేర్లు చెక్కుతున్నాను. పదకొండింటికి షాపు ముందు ఆటో ఆగింది. శోభనాద్రి మాస్టారు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, బస్సులో వచ్చారు, మోకాళ్ళు పట్టుకుని దిగారు. చేతిలో స్టీలు డబ్బా. "మీ మేడం ఉప్మా పంపింది. సగం బాకీ ఉందట" అన్నారు. నవ్వకూడదనుకున్నాను.

నా పక్కన రాతిపొడిలోనే కూర్చున్నారు. తెల్ల పంచె. వద్దన్నా వినలేదు. జేబులోంచి మూడో కాగితం తీసి ఇచ్చారు. అది తెలుగే. రిపోర్టుకి జతచేసిన వాళ్ళ తాత వాంగ్మూలం. కింద సంతకం కూడా గుండ్రంగా, తీరిగ్గా ఉంది.

"ఈ పల్లెయందు ఒడ్డున దీపము పెట్టు ఆచారము ఎన్నడును లేదు. కనుక ఆ దినమున పెట్టిన దీపము శత్రువులకు సంజ్ఞయే. దీపము చేతనున్న నాంచారు అను ఏడేండ్ల ఆడపిల్లను విచారింపబోగా, పల్లెవారు దీపమే లేదనియు, అట్టి పిల్లయే లేదనియు చెప్పుచున్నారు."

మూడుసార్లు చదివాను. ఉలి ఎక్కడ పెట్టానో తర్వాత చాలాసేపు దొరకలేదు.

"మా తాతకి తెలుసమ్మా. వారానికి రెండుసార్లు మీ ఒడ్డుకి వచ్చి చేపలు కొనుక్కునేవాడు. ఆ లాంతర్లు చూడకుండా ఎలా ఉంటాడు? దొర దగ్గర ఉద్యోగం నిలబడాలి. ఆ ఒక్క వాక్యంతో మీవాళ్ళని శత్రువుల మనుషుల్ని చేసేశాడు. మా నాన్న ఆయన జీవితచరిత్ర అచ్చేయించినప్పుడు ఈ పేజీ వదిలేశాడు. నేను ముప్పై ఏళ్ళు పిల్లలకి చెప్పాను, ఏం వదిలేశారో చూడండిరా అని. నీకు జిరాక్సు తీయించేటప్పుడు ఈ కాగితాన్ని నా చెయ్యే పక్కన పెట్టింది" అన్నారు.

తిట్టాలి కదా. రెండు వారాలుగా తిట్లు తయారుచేసుకున్నాను. ఒక్కటీ రాలేదు. కాఫీ తెప్పించాను. నా రుమాలుతో పంచె దులిపితే మరక ఇంకా పెద్దదయింది.

బస్సెక్కిస్తుంటే, "ఆ పిల్ల ఎవరో నీకు తెలుసా?" అని అడిగారు.

తెలియదన్నాను.

డిసెంబర్ 1

మా ఊళ్ళో నాంచారమ్మలు బోలెడుమంది.

డిసెంబర్ 2

అప్పటికి ఏడేళ్ళు. ఇప్పటికి తొంభై.

డిసెంబర్ 3

ఆలోచించాను. అసలు విషయం దీపం కాదు. అసలు విషయం కాల్పులు. ముగ్గుర్ని చంపారా లేదా? చంపారు. దీపం ఉందని రాస్తే ఏమవుతుంది? ఆర్డరు తప్పింది మీరే కదా అంటారు. ఎనభై మూడేళ్ళ తర్వాత కూడా ఎవడో ఒకడు ఫోనులో వేలు పెట్టి తొంభై ఏళ్ళ ముసలిదాని వల్ల ముగ్గురు పోయారని రాస్తాడు. అవసరమా? కాబట్టి నేనేదీ దాచడం లేదు. అవసరం లేదని వదిలేస్తున్నాను. అంతే.

మాస్టారి తాత దాచాడు. వాళ్ళ నాన్న దాచాడు. మాస్టారు దాచారు. నాది వేరు.

డిసెంబర్ 5

వీరాంజనేయులు మావయ్యకి ఫోన్ చేసి, ఊరికే, ఏమీ తెలియనట్టు అడిగాను. ఆ రోజు ఒడ్డున దీపమేమైనా ఉందా మావయ్యా అని.

ఆయన అరవలేదు. అందుకే భయం వేసింది. మెల్లగా అన్నాడు: "మాధవీ, మా అయ్య పోయేముందు నా చెయ్యి పట్టుకుని చెప్పాడు. ఆ ముసలామె బతికున్నంతకాలం ఈ ఊళ్ళో దీపం మాట ఎత్తొద్దని. ఊరంతా అట్టాగే పెరిగింది. పాపం, ఆమెకి గుర్తు కూడా ఉండి ఉండదు. నువ్వు చెక్కేది చెక్కు."

రాయి పూర్తయింది. చెక్కిన అక్షరాల్లో రంగు వేయాలి. వేయలేదు.

డిసెంబర్ 7, ఆదివారం

ఇవాళ్టిది మొత్తం రాయాలి. ఒక్క ముక్క పోగొట్టుకోకూడదు.

ఊరికి వెళ్ళేసరికి తాతమ్మ అరుగుమీద ఉంది. మావయ్య, బుల్లెమ్మ పెద్దమ్మ కూడా అక్కడే. తాతమ్మ నా చెయ్యి తీసుకుని అరచేతిలో కాయలు తడిమింది. "మొగోడి చెయ్యిలాగుంది. నిన్నెవడు చేసుకుంటాడే?" అంది. ప్రతిసారీ ఇదే మాట. ప్రతిసారీ "నేనే ఒకణ్ణి చెక్కుకుంటాలే" అంటాను.

తర్వాత, "రాతిమీద ఏం చెక్కావో చదువు" అంది.

చదివాను. "దీపమైనా వెలిగించక నిదురించిన ఈ పల్లెపై..."

తాతమ్మ నవ్వింది. పళ్ళు లేని నవ్వు. దగ్గు వచ్చేదాకా నవ్వింది.

"ఒరే ఆంజనేయులూ, దీపం లేకపోతే మా అయ్య పడవ ఎట్టా వచ్చిందిరా?"

బుల్లెమ్మ పెద్దమ్మ బియ్యం చెరగడం ఆపేసింది.

తాతమ్మ మామూలుగా, మజ్జిగ ఎలా చిలకాలో చెప్తున్నట్టు చెప్పింది. "పొద్దు గూకింది. అయ్య రాలేదు. లాంతరు పెట్టి రమ్మంది మా అమ్మ. ఆర్డరు సంగతి మాకు తెల్సు. అయినా అయ్య రావాలి కదే? ఒడ్డున లాంతరు పట్టుకుని నిలబడ్డా. దాన్ని చూసే అయ్య పడవ ఇటు తిరిగింది. సిపాయిలొచ్చి దాన్ని తన్నారు. అద్దం పగిలి నా కాలికి గుచ్చుకుంది, ఇదిగో. అంకాలు మావయ్య నాకు అడ్డమొచ్చాడు. ఊరంతా పరిగెత్తుకొచ్చింది. ఎవరూ నిద్రపోలేదు, ఏం లేదు. ఎవరో వలకి కట్టే మట్టిగుండు విసిరారు. వాళ్ళ ఆఫీసరు దొర నుదురు పగిలింది. అప్పుడు కాల్చారు."

"అయితే మనవాళ్ళు కూడా కొట్టారన్నమాట" అన్నాను.

"కొట్టారు. దొర నుదుటికి కుట్లేసుకున్నాడు. మనకి మూడు పాడెలు లేచాయి. రెండూ ఒకటేనంటే నీ హిస్టరీ మాస్టారి పంచె ఊడదీసి పంపు" అంది.

గుడివాడ మాస్టారి సంగతి తాతమ్మకి ఎలా తెలుసో నాకిప్పటికీ తెలియదు.

మావయ్య ఏడుస్తున్నాడు. అరవై ఏళ్ళ మనిషి. "నీకు గుర్తుందని మాకు తెలీదత్తా. నువ్వు బాధపడతావని..." అన్నాడు.

"తెల్సురా. మర్నాటి నుంచి ఒడ్డున ఎవరూ లాంతరు పెట్టలేదు. ఇళ్ళల్లోంచి కంచాలు తెచ్చారు. పోలయ్య పెళ్ళాం కూడా, మొగుడు పోయిన మనిషి, కంచం తెచ్చుకుంది. నన్ను ఎవరూ ఒక్క మాటనలేదు. మీరంతా అంత కష్టపడి దాస్తుంటే, నాకు తెల్సని చెప్పి మీ మనసు ఎందుకు నొప్పించాలి? దుప్పటి కప్పుకుని పడుకునేదాన్ని."

ఎనభై మూడేళ్ళు. ఊరు ఆమె కోసం, ఆమె ఊరి కోసం.

బుల్లెమ్మ పెద్దమ్మ ముక్కు చీదుకుని, "ఓసి ముసలీ, ఎన్ని కంచాలు సొట్టలు పోయాయే నీ వల్ల!" అంది. అప్పుడు అందరం నవ్వాం. నవ్వూ ఏడుపూ ఏది ఎవరిదో తెలియలేదు.

నేను వచ్చేస్తుంటే తాతమ్మ కొంగు పట్టి ఆపింది. "లాంతరు సంగతి రాయి. అయ్య కోసం పెట్టానని రాయి. మునసబు రాసినట్టు వేరే ఎవరికోసమో కాదు. నేను పోయాక ఆ మాట చెప్పేవాళ్ళు ఉండరు."

"నిన్ను అంటారు తాతమ్మా."

"అననీ. లాంతరు పట్టుకున్న పిల్లదా తప్పు, తుపాకీ పట్టుకున్న మొగోడిదా? చదివినోళ్ళు ఆ మాత్రం తేల్చుకోలేరా?"

డిసెంబర్ 8

రాయి తప్పు మర్చిపోదు.

మొదటి వరుస అంతా అబద్ధం. అర అంగుళం లోతున, నా చేత్తో. గోవర్ధనరావు గారికి అంతా చెప్పాను. అరుస్తారనుకున్నాను. రాయి చుట్టూ రెండుసార్లు తిరిగారు. రాతిపొడి, బంక కలిపి పూడిస్తే పైకి తెలియదు కానీ తడిసినప్పుడల్లా ఆ అక్షరాలు మచ్చగా కనిపిస్తాయన్నారు. సముద్రపు ఒడ్డున తడవకుండా ఉంటుందా?

"కొత్త రాయి తెప్పించాలా?" అన్నాను.

"ఆరంగుళాల రాయి. నాలుగంగుళాలు లోపలికి తవ్వేయ్" అన్నారు.

"తవ్వితే?"

"గూడవుద్ది. మీ ఇంట్లో దీపం ఎక్కడ పెడతారే పిచ్చిదానా?"

ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టబోయాను. "ముందు కళ్ళద్దాలు పెట్టుకుని తవ్వు, కంట్లో పెంకు పడుద్ది" అన్నారు.

డిసెంబర్ 10

"దీపమైనా" పోయింది.

డిసెంబర్ 11

"వెలిగించక నిదురించిన" పోయింది. బొబ్బలు. తాతమ్మ చూస్తే పెళ్ళి సంబంధాలు పూర్తిగా మానేస్తుంది.

డిసెంబర్ 12

మాస్టారికి ఫోన్ చేశాను. ఆ పిల్ల ఎవరో చెప్పాను. ఆ రోజు అబద్ధం చెప్పానని కూడా చెప్పాను. "నాకు అప్పుడే తెలుసమ్మాయ్. తెలియదన్నప్పుడు నీ మొహం మా నాన్న పుస్తకంలా ఉంది" అన్నారు. ఆయన మీద మళ్ళీ కోపం వచ్చింది. కోపం వచ్చాక హాయిగా ఉంది.

ఎల్లుండి రమ్మన్నాను. "మునసబు మనవణ్ణి, రానిస్తారా?" అన్నారు. కంచాలు మోగిస్తారేమో, చెవుల్లో దూది పెట్టుకోండి అన్నాను.

ఆ వరుసలో మిగిలిన మాటలు కూడా పోయాయి, గూడు పూర్తయింది. కింద ముగ్గురి పేర్లూ అలాగే ఉన్నాయి. వాటికింద ఇది చెక్కాను. నేనే రాశాను. తాతమ్మకి ఫోనులో చదివి ఒప్పించాను:

"1942 డిసెంబర్ 14 సాయంత్రం, సముద్రం మీదున్న తండ్రి కోసం నాంచారు ఇక్కడ దీపం పెట్టింది. పడవ వచ్చేదాకా దీపం పెట్టడం మా ఆచారం. దానికోసం సిపాయిలు కాల్చారు. మేమూ మట్టిగుండు విసిరాం. ఈ ముగ్గురూ చనిపోయారు."

"దానికోసం" అన్న మాట దగ్గర గోవర్ధనరావు గారు ఆగి, రెండుసార్లు చదువుకున్నావా అని అడిగారు. పది సార్లు అన్నాను.

డిసెంబర్ 14, ఆదివారం

రాయి నిలబెట్టారు. రాయి పాతే గుంట సరిగ్గా తవ్వలేదని అయ్యప్పన్నని తిట్టాను. "నీ రాయి కంటే నువ్వే బరువున్నావే" అని వేటకి వెళ్ళిపోయాడు. ఇంజను బాగుచేయించాడట. సాయంత్రానికి వస్తాడట.

మాస్టారు వచ్చారు. ఉతికిన పంచె, మెడలో కండువా. వీరాంజనేయులు మావయ్య ఆయన్ని కూర్చోమననూ లేదు, పొమ్మననూ లేదు. మాస్టారు జేబులోంచి మూడో కాగితం తీసి అందరి ముందూ పైకి చదివారు. చివర, "ఈ ఆచారం ఉందని మా తాతకి తెలుసు. తెలిసే లేదని రాశాడు" అన్నారు. మావయ్య ఇంటికెళ్ళి కుర్చీ తెచ్చి వేశాడు.

పొద్దు గూకింది. అన్న రాలేదు.

బుల్లెమ్మ పెద్దమ్మ అలవాటుగా కంచం తెచ్చి మోగించడం మొదలెట్టింది. "ఆపవే బుల్లీ" అంది తాతమ్మ. నేనూ మావయ్యా చెరో చెయ్యీ పట్టుకుంటే ఇసుకలో నడిచి వచ్చింది. ఒడ్డుకి వచ్చి ఎన్నేళ్ళయిందో. గూట్లో ప్రమిద పెట్టింది. అగ్గిపుల్ల గీసింది. గాలి. రెండోదీ ఆరిపోయింది. నేను చెయ్యి చాపితే నా చేతిమీద ఒక్కటేసింది.

మూడో పుల్ల అంటుకుంది. వత్తి కూడా అంటుకుంది కానీ మంట గాలికి వాలిపోతోంది, ఇప్పుడో ఇంకాసేపట్లోనో ఆరిపోయేట్టు.

మాస్టారు కుర్చీలోంచి లేచారు. కండువా తీసి రెండు చేతులా చాపి గాలికి అడ్డంగా పట్టుకున్నారు. మంట నిలబడింది.

తాతమ్మ ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. "మునసబు మనవడివా?" అంది.

"అవునండి."

"చెయ్యి దించకు. మా అయ్యప్ప ఇంకా రాలేదు."

దించలేదు. పావుగంట పైనే పట్టింది. పడవ మా కళ్ళబడేదాకా అలాగే నిలబడ్డారు.